చూడకముందే ‘చూశాను’ అని సంతకం పెట్టించకండి

విశాఖపట్నంలో ఫ్లాట్లు కట్టి అమ్ముతున్న బిల్డర్లకు, వాటికి హోమ్ లోన్లు ఇస్తున్న బ్యాంకుల అధికారులకు, ఈ ఇద్దరి మీదా అజమాయిషీ ఉన్న ప్రభుత్వ శాఖలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీలో శ్రద్ధగా ఇళ్లు కట్టేవాళ్లూ, నిజాయితీగా అప్పులిచ్చేవాళ్లూ ఉన్నారు. నా తగాదా మనుషులతో కాదు, ఒక వాక్యంతో. ఫ్లాటు కొన్నవాళ్ల చేత మీరు పొసెషన్ లెటర్ మీద సంతకం పెట్టిస్తారు కదా, అందులో ఉండే వాక్యం: ‘సదరు ఫ్లాటును పూర్తిగా పరిశీలించుకుని, నాణ్యత విషయంలో సంతృప్తి చెంది స్వాధీనం చేసుకున్నాను.’

నేనూ పెట్టాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద నిలబడి, బిల్డరు గుమాస్తా ఇచ్చిన పెన్నుతో, కాగితాన్ని హ్యాండ్‌బ్యాగు మీద ఆన్చి. అప్పటికి ఆ ఇంటి తాళంచెవి నా చేతికి రాలేదు. సాయంత్రం ఆఫీసుకొచ్చి తీసుకోమన్నారు.

నేను బళ్లో లెక్కలు చెబుతాను. మా ఆయన పరవాడలో ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ. మురళీనగర్‌లో పదకొండేళ్లు అద్దెకున్నాం. ఎండాడ దాటాక మధురవాడ వైపు పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నాం. ధర 62 లక్షలు, అందులో 45 లక్షలు బ్యాంకు అప్పు, నెలకు 39 వేల ఈఎంఐ, ఇరవయ్యేళ్లు. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం వేరే. మా రెండు వైపులా ఇల్లు కొన్న మొదటివాళ్లం మేమే కాబట్టి అడగడానికి ఇంట్లో పెద్దవాళ్లకీ తెలియదు.

తప్పు మా వైపూ ఉంది. కొనకముందు నాలుగుసార్లు వెళ్లాం. ఏం చూశాం? టైల్స్ రంగు చూశాం. బాల్కనీలో ఓ మూల నిలబడి మెడ సాచితే రెండు బిల్డింగుల మధ్య వేలెడంత సముద్రం కనిపిస్తే మురిసిపోయాం. వాస్తు చూసే పంతులుగారిని తీసుకెళ్లాం. ఆయన దిక్సూచి పెట్టి, వంటింట్లో సింకు రెండడుగులు జరపాలన్నారు. బిల్డరు మారుమాట లేకుండా జరిపించారు. పంతులుగారికి గేటు దగ్గర ఎవరూ అడ్డు చెప్పలేదు.

రిజిస్ట్రేషన్ ఇంకో వారం ఉందనగా ఒక ఆదివారం, మా ఆయన స్నేహితుడు, పద్దెనిమిదేళ్లుగా సైటు ఇంజినీరు, టేపు, టెస్టరు పట్టుకుని వచ్చాడు. అతన్ని వాచ్‌మన్ ఆపేశాడు. ఆఫీసుకి ఫోన్ చేస్తే, ‘పని జరుగుతున్న చోటమ్మా, ఎవరికైనా దెబ్బ తగిలితే మా మీదకొస్తుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక తీరిగ్గా చూసుకోండి, ఎక్కడికి పోతుంది ఇల్లు’ అన్నారు. ఆషాఢం వచ్చేస్తోంది. బ్యాంకు మంజూరు పత్రానికి గడువు దగ్గరపడుతోంది. ఊరుకున్నాం.

శ్రావణంలో పాలు పొంగించాం. అక్టోబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి తూర్పు గాలితో మూడు రోజులు వాన కొట్టేసరికి ఇల్లు తన సంగతి తానే చెప్పుకోవడం మొదలుపెట్టింది. తూర్పు పడగ్గది కిటికీ ఫ్రేముకీ గోడకీ మధ్య సందు పూడ్చలేదు, నీళ్లు లోపలికే. ఆ గది మా అత్తగారిది. ఆవిడకి ఆయాసం. గోడంతా చెమ్మెక్కి బూజు పట్టాక ఆవిడ మంచం హాల్లోకి వచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది. బాత్రూమ్ నేల వాలు తిరగబడింది, స్నానం చేసిన నీళ్లు జాలీ వైపు కాక గుమ్మం వైపు వస్తాయి. ఆ గోడ అవతల హాల్లో రంగు పెళ్లలుగా లేచి, కింద తెల్లగా ఉప్పు పూస్తోంది. హాల్లో టైల్స్ తట్టి చూస్తే ఇరవై మూడు డొల్లగా పలికాయి.

వీటన్నిటికన్నా భయపెట్టింది వేరే. ఒకరోజు తడి చేత్తో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమంది. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పితే వంటింటి సాకెట్‌కి ఎర్త్ వైరు లోపల కత్తిరించి వదిలేసి ఉంది. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, ఉంది గానీ, టెస్ట్ బటన్ నొక్కితే పడిపోలేదు. అది పడిపోవాలి. దానికున్న పనే అది. ఈ రెండూ కనిపెట్టడానికి అతనికి పట్టిన సమయం పది నిమిషాలు.

బిల్డరు ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను, రెండు స్పీడ్ పోస్టులో. మొదటిదానికి ఒక కుర్రాడు వచ్చి ఫొటోలు తీసుకెళ్లాడు. మూడోదానికి ఫోన్ వచ్చింది: ‘సముద్రం పక్కన ఊరు కదమ్మా, ఆమాత్రం చెమ్మ ఉంటుంది. అయినా అంతా చూసుకుని తీసుకున్నామని సంతకం పెట్టారు కదా.’ ఒక బిల్డర్ల సంఘానికి రాశాను, జవాబు లేదు. అందుకే ఇప్పుడు అందరికీ రాస్తున్నాను.

మా ఆడపడుచు అమెరికాలో టెక్సస్‌లో ఉంటుంది. రెండేళ్ల కింద వాళ్లు ఒక పాత ఇల్లు కొన్నారు. మా గొడవ విని, ‘వదినా, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఏదీ?’ అంది. అలాంటిది ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అక్కడ కొనేవాళ్లు అమ్మేవాళ్లకి కొంత ఫీజు కట్టి, ఒప్పందంలో రాసుకున్న కొన్ని రోజుల పాటు కారణం చెప్పకుండానే బేరం వదులుకునే హక్కు ఉంచుకోవచ్చు. ఆ రోజుల్లోనే, రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని తామే డబ్బిచ్చి పిలిపించుకుంటారు. అతను పునాది నుంచి పైకప్పు దాకా, కరెంటు, నీళ్లు, మురుగు అన్నీ చూసి, ఫొటోలతో రిపోర్టు రాసిస్తాడు. ఆ ఫారంలో ప్రతి అంశం పక్కన నాలుగు గళ్లు ఉంటాయి: చూశాను, చూడలేదు, ఇక్కడ లేదు, లోపం ఉంది.

రెండో గడి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. డబ్బు తీసుకుని వచ్చిన నిపుణుడికి కూడా ‘ఇది నేను చూడలేదు’ అని రాసే చోటు ఉంది. లెక్కల టీచరునైన నా చేత మీరు ‘పూర్తిగా పరిశీలించాను’ అని రాయించుకున్నారు.

ఇంటి తనిఖీ అంటే మీలో కొందరు అనుకుంటున్నట్టు బిల్డరుకి మార్కులు వేసే పరీక్ష కాదు. పాస్, ఫెయిల్ అంటూ ఏమీ ఉండదు. కంటికి కనిపించేది, చేతికి అందేది చూస్తారు, గోడలు పగలగొట్టరు. రేటు ఎక్కువో తక్కువో చెప్పరు. ప్రతి ఇంట్లోనూ ఏవో లోపాలు దొరుకుతాయి. వాటిలో తలుపు గడియ సరిగ్గా పడకపోవడం ఒక రకం, ఎర్త్ లేకపోవడం ఒక రకం, దూలం దగ్గర ఏటవాలుగా నెర్రె ఉండటం ఇంకో రకం. ఏది రంగు వేస్తే పోతుందో, ఏది ప్రాణం మీదికి తెస్తుందో, ఏది పెద్ద ఇంజినీరుకి చూపించాలో వేరుచేసి చెప్పే కాగితం అది. మొదటిసారి కొనేవాళ్లకి ఆ తేడా తెలియదు. తలుపు గడియకి గొడవపడి, ఎర్త్ సంగతి అడగం. మేం అదే చేశాం.

ఇక మేం అడుగుతున్నవి.

1. తాళంచెవి ముందు, సంతకం తర్వాత. ఫ్లాటు పూర్తయ్యాక, చివరి వాయిదాకీ రిజిస్ట్రేషన్‌కీ ముందు, కొనేవాళ్లకి ఏడు రోజులు ఇవ్వండి. వాళ్లు నమ్మిన ఇంజినీరునో మేస్త్రినో ఎలక్ట్రీషియన్‌నో వెంట తెచ్చుకోనివ్వండి. దెబ్బ తగులుతుందని భయమైతే హెల్మెట్ ఇవ్వండి, మీ మనిషిని తోడు పంపండి. ఆ ఏడు రోజులూ ఇంట్లో కరెంటు, నీళ్లు ఉండాలి. అవి లేని ఇంటిని చూడటమంటే గోడలు చూసి రావడమే.

ఏడు రోజులు ఎందుకంటారా? బాత్రూమ్ జాలీ మూసి నేల మీద నీళ్లు నిలబెడితే కింది ఇంటి స్లాబుకి చెమ్మ దిగుతుందో లేదో తెలియడానికి కనీసం ఒక రోజు కావాలి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి ధార చూడాలి. ప్రతి జాలీలో బకెట్ నీళ్లు పోసి ఎంతసేపట్లో పోతాయో చూడాలి. కిటికీల మీద బయట నుంచి పైపుతో నీళ్లు కొట్టాలి. టైల్స్ కర్రతో తట్టాలి, ప్రతి సాకెట్‌లో టెస్టర్ పెట్టాలి. బోరు నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాలు, ఎంతో కొలవాలి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 2000 దాకా. తీరం దగ్గర బోర్లలో ఉప్పు నీటి బెడద ఉన్న ఊరు మనది. ఇల్లు కొలుచుకోవాలి కూడా. మీరు అమ్మేది ప్లింత్ ఏరియా, కామన్ ఏరియా కలిపిన లెక్క. చట్టం చెప్పే కార్పెట్ ఏరియాలో బయటి గోడలూ బాల్కనీ రావు, లోపలి గోడలు వస్తాయి. ఆ లెక్క మాకు అర్థం కావడానికే ఒక పూట పడుతుంది.

ఇంకో సంగతి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, అంటే కట్టడంలో కాపురం ఉండొచ్చని ఇచ్చే అనుమతి) వచ్చిన రెండు నెలల్లోగా ఇంటిని స్వాధీనం చేసుకోవాలని, ఫ్లాట్ల అమ్మకాలను నియంత్రించే రెరా చట్టమే కొనుగోలుదారుకి చెబుతోంది. చట్టం రెండు నెలలు ఇచ్చిన చోట మేం ఏడు రోజులు అడుగుతున్నాం.

2. ఆ వాక్యం తీసేయండి. దాని బదులు లోపాల జాబితా పెట్టండి. గదుల వారీగా రాసి, ‘చూడలేదు’ అన్న గడితో సహా, రెండు పక్షాలూ సంతకం చేసి, చెరో ప్రతి ఉంచుకోవాలి. మీకూ మంచిదే. రేపు అద్దెకున్నవాళ్లు పగలగొట్టిన టైలుని మీ నెత్తిన పెడితే చూపించడానికి మీ దగ్గరా కాగితం ఉంటుంది.

2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో, సౌకర్యాల్లో లోపం మీ దృష్టికి తెస్తే 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి, లేకపోతే పరిహారం చెల్లించాలి. ‘సంతకం పెట్టారు కదా’ అన్న మాట ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు. రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు బెంగళూరు ఫ్లాట్ల కేసు ఒకదానిలో చెప్పింది. ఇవన్నీ మీ లాయర్లకి తెలుసు. మాకు తెలియదన్న ధీమాతోనే ఆ వాక్యం అక్కడ ఉంది.

3. సముద్రం సాకు కాదు. ఇది నన్ను అన్నిటికన్నా కష్టపెట్టిన జవాబు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. విశాఖ పక్కన సముద్రం నిన్న రాలేదు. తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటుని, కాంక్రీటు కట్టడాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ‘తీవ్రమైన’ పరిస్థితి కింద లెక్కవేసి, ఆర్‌సీసీకి (కడ్డీలు వేసిన కాంక్రీటుకి) కనీసం ఎం30 గ్రేడు బలం, ఇనప కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలంటోంది. ఎందుకంటే ఉప్పు గాలి కాంక్రీటులోకి దిగితే కడ్డీ తుప్పుపడుతుంది, తుప్పు పట్టిన కడ్డీ లావెక్కుతుంది, పైనున్న కాంక్రీటుని నెట్టి పగలగొడుతుంది. బీచ్ రోడ్డు వెంట పాత బిల్డింగుల బాల్కనీల కింద పెళ్లలు ఊడి కడ్డీలు బయటపడి కనిపించేవి ఇవే. గాలి సంగతీ అంతే. విశాఖలో కట్టే కట్టడానికి సెకనుకు 50 మీటర్ల గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోవాలని మన ప్రమాణాలు చెబుతున్నాయి, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి కిటికీ గురించి వేరే చెప్పక్కర్లేదు. మామూలు అల్పపీడనానికే నీళ్లు లోపలికి వచ్చే కిటికీని ఆ తర్వాత కూడా ఎలా బిగిస్తారు?

ఏ తనిఖీ చేసేవాడూ స్లాబు లోపలికి తొంగి చూడలేడు. అందుకని కాంక్రీటు బలం చెప్పే స్లాబుల క్యూబ్ టెస్టు రిపోర్టులు, బాత్రూమ్‌లకీ టెర్రస్‌కీ చేసిన వాటర్‌ప్రూఫింగ్ వివరాలు, ప్లాస్టరింగ్‌కి ముందు గోడల్లో పైపులూ వైర్లూ ఎటు వెళ్లాయో చూపే ఫొటోలు తాళంచెవితో పాటు ఇవ్వండి. ఫొటోలకి ఖర్చు లేదు. మేకు కొట్టాలంటే పైపు పగులుతుందేమోనని మా ఇంట్లో ఇప్పటికీ టెన్షన్, క్యాలెండర్ కుర్చీ మీద ఉంది.

4. బ్యాంకుల వారికి. మా అప్పు మంజూరు చేసేముందు మీ ప్యానెల్ వాల్యుయర్ వచ్చి ఇల్లు చూశారు. ఆ ఫీజు మా దగ్గరే వసూలు చేశారు. మా సంతోషం ఏమిటంటే, బ్యాంకు ఇంజినీరు చూశాడంటే ఇల్లు బాగున్నట్టే కదా అని. ఇది మా ఒక్కరి భ్రమ కాదు, స్టాఫ్‌రూమ్‌లో అడిగితే ఇల్లు కొన్న ప్రతి టీచరూ అదే అనుకున్నారు. వాల్యుయర్ వచ్చేది అప్పు తీరకపోతే ఆ ఇల్లు ఎంతకి పోతుందో లెక్కకట్టడానికి. అది మీకు కావలసిన సంగతి. ఎర్త్ ఉందా లేదా అన్నది ఆయన పని కాదు. ఆ మాట మంజూరు పత్రం మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయండి. మేం ఫీజు కట్టిన రిపోర్టు ప్రతి మాకివ్వండి. నేను అడిగిన బ్రాంచిలో ‘అది మా ఇంటర్నల్ మేడమ్’ అన్నారు. డబ్బులు మాత్రం ఎక్స్‌టర్నల్. పైగా చివరి వాయిదా విడుదలకి లోపాల జాబితా తప్పనిసరి కాగితంగా పెట్టగలిగింది మీరే. మేం బిల్డరుని అడిగితే నవ్వుతారు, మీరు అడిగితే ఇస్తారు.

5. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా గృహప్రవేశాలు చేయించకండి. ప్లాన్ మంజూరు చేసేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పది శాతం కార్పొరేషన్‌కి తనఖా పెట్టించుకుని, ఓసీ ఇచ్చాకే విడుదల చేస్తారు. ఆ పది శాతంలో ఉన్న ఫ్లాటు ఏదో అమ్మేటప్పుడే చెప్పండి. తనఖాలో ఉన్నదని తెలియక బయానా ఇచ్చినవాళ్లు ఎంత కంగారు పడతారో ఆలోచించండి.

6. చిన్న అపార్ట్‌మెంట్ల సంగతి. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోగానీ, ఎనిమిది ఫ్లాట్లు మించకుండాగానీ కట్టేవాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే సుమారు 598 గజాలు. గోపాలపట్నం, పెందుర్తి, కూర్మన్నపాలెం, అక్కయ్యపాలెం సందుల్లో రెండు మూడు వందల గజాల్లో లేచే నాలుగంతస్తుల ఇళ్లన్నీ ఈ లెక్కకి బయటే. అవి కొనేది ఎవరు? ఆటో నడిపేవాళ్లు, స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టు కార్మికులు, పిల్లల చదువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పొలం అమ్ముకుని వచ్చినవాళ్లు. మాకు కనీసం రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. వాళ్లకి మిగిలింది ముఖ్యంగా వినియోగదారుల కమిషనే, అక్కడ రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. కొన్ని ఇళ్లలో చెమ్మ మూడో వానాకాలానికి గానీ బయటపడదు. ప్రభుత్వం ఈ చిన్న కట్టడాలకి కూడా, రిజిస్ట్రేషన్ లేకపోయినా సరే, స్వాధీనానికి ముందు తనిఖీ, రాతపూర్వక జాబితా తప్పనిసరి చేయాలి.

7. తనిఖీ చేసేవాళ్లెవరో తేల్చండి. మన దగ్గర ఇంటి తనిఖీకంటూ ప్రత్యేక లైసెన్సు లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. సివిల్, ఎలక్ట్రికల్ చదివి కనీస అనుభవం ఉన్నవాళ్ల జాబితా, ఫీజు, రిపోర్టు నమూనా ప్రభుత్వం ప్రకటించాలి. అందులో ఉన్నవాళ్లు ఆ బిల్డరు దగ్గర పనులుగానీ, ఆ ఇంటికి మరమ్మతు కాంట్రాక్టులుగానీ తీసుకోకూడదు. లోపం కనిపెట్టినవాడే బాగుచేయడానికి బేరం పెడితే ఆ ఇంట్లో లోపాలకి అంతుండదు.

‘ఇవన్నీ పెడితే రేటు పెరుగుతుంది’ అని మీరనవచ్చు. మా బాత్రూమ్ తవ్వి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, మళ్లీ టైల్స్ వేయడానికి మేస్త్రి చెప్పిన లెక్క లక్షా పదివేలు. ఆ నేలకి రెండు అంగుళాల వాలు అటు కాక ఇటు పెట్టడానికి, కట్టే రోజున అదనంగా అయ్యే ఖర్చు సున్నా. ఇది ఏడో తరగతి లెక్క.

మా బిల్డరు గారికి ప్రత్యేకంగా ఒక మాట. మీ పేరు ఇక్కడ రాయలేదు, రాయను కూడా. పది ఇళ్లలో ఆరిళ్లవాళ్లం కూర్చుని, గదుల వారీగా జాబితా రాశాం. మా ఫ్లాటుకి పందొమ్మిది అంశాలు వచ్చాయి. ఎర్త్ వైరు మేమే వేయించుకున్నాం, దానికి ఆగలేక. తక్కిన పద్దెనిమిదీ అలాగే ఉన్నాయి. ఆ జాబితాని మీ ఆఫీసుకి నాలుగో ఉత్తరంగా పంపుతున్నాను, 30 రోజుల గడువు అది అందిన రోజు నుంచి లెక్కవేస్తాం. ఆదివారాలు పదింటి నుంచి ఇంట్లోనే ఉంటాం. మీ ఇంజినీరుని పంపండి, గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఒక్కో గదీ చూసి, జాబితా కింద ‘పరిశీలించాను’ అని రాసి ఆయన సంతకం పెట్టాలి.

ఇట్లు,
మధురవాడ నుంచి,
మొదటిసారి ఇల్లు కొన్న ఒక లెక్కల టీచరు